పిల్లల మనోవర్తి: పంచాయితీలో చెప్పేవి, కోర్టులో జరిగేవి

హనుమకొండలో ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే న్యాయవాదిని. మనోవర్తి కోసం వచ్చే ఏ తల్లీ, ఏ తండ్రీ నా దగ్గరికి ఖాళీ చెవులతో రారు. చుట్టాలు, కులపెద్దలు, తోటి పనివాళ్లు అప్పటికే తలా ఒక మాట చెప్పి ఉంటారు. ఆ మాటల్లో చాలావరకు తప్పులే. వాటిని నమ్మినందుకు పెద్దలకు కోపం, పట్టుదల మిగులుతాయి. నష్టం మాత్రం ఫీజు కట్టక హాల్‌టికెట్ అందని పిల్లది. అందుకే ఎక్కువగా వినేవి తీసుకుని రాస్తున్నాను.

అపోహ: "పెద్దమనుషుల ముందు ఇడుపు కాగితం రాసుకున్నం. ఇగ పిల్లలకేం అడగొద్దు."

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ మంది పిల్లల నోరు కొట్టిన మాట ఇది. భార్యాభర్తలు విడిపోవడానికి ఊళ్లో పంచాయితీ పెడతారు. ఇంత అని ఒకేసారి ఇప్పిస్తారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద చివర్లో ఒక వాక్యం ఉంటుంది: "ఇకమీదట పిల్లల పోషణ నిమిత్తం ఎలాంటి దావా చేయను." కింద తల్లి సంతకం, నలుగురు సాక్షులు.

తన మనోవర్తి సంగతి తల్లి ఏం రాసుకుందన్నది వేరే చర్చ. పిల్ల హక్కును వదులుకునే అధికారం మాత్రం ఆమెకు లేదు, ఎందుకంటే ఆ హక్కు పిల్లది. పరస్పర అంగీకారంతో కోర్టులో విడాకులు తీసుకున్నా ఇదే వర్తిస్తుంది. అప్పుడు ఇచ్చిన డబ్బును కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. కానీ "ఇక అడగను" అనే వాక్యం చూపించి పిల్లను వెనక్కి పంపదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ కాగితంలో నెలకింత ఇస్తానని తండ్రి రాసి ఇవ్వకపోతే, పెద్దమనుషులు అతని జీతం జప్తు చేయలేరు. రాజీ పడాలనుకుంటే పడండి, మంచిదే. అయితే న్యాయ సేవాధికార సంస్థ రాజీలు కుదిర్చే లోక్ అదాలత్‌లో పడండి. అక్కడ ఇచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. పిల్లకు ఎంతో విడిగా రాయించండి. ఏ తేదీకి, ఏ ఖాతాలో, ఏటా ఎంత పెంపు, జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఇవన్నీ అందులో ఉండాలి.

అపోహ: "పిల్లను చూపిస్తలేరు, నేనెందుకు కట్టాలె?"

వాస్తవం: ఈ మాట అనే తండ్రుల బాధ నిజమైనదే. ఆర్నెల్లుగా కూతుర్ని చూడని మనిషి కోర్టు వరండాలో కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. అయినా మనోవర్తి ఆపడం దానికి మందు కాదు. పోషణ వేరు, చూసే హక్కు వేరు. చూపించకపోతే విజిటేషన్ (పిల్లను కలిసే వీలు) కోసం పిటిషన్ వేయాలి, కోర్టు రోజు, సమయం నిర్ణయిస్తుంది. డబ్బు ఆపితే బకాయి పెరుగుతుంది, రేపు ఆ విజిటేషన్ పిటిషన్‌లోనే ఎదుటి లాయరు దాన్ని ఎత్తి చూపిస్తారు. తల్లులకూ ఇదే మాట: డబ్బు రాలేదని పిల్లను దాచిపెట్టే హక్కు మీకు లేదు.

అపోహ: "జీతంలో పాతిక శాతం, అంతకు మించి ఇయ్యరు."

వాస్తవం: మన చట్టంలో అలాంటి లెక్క ఎక్కడా లేదు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భార్యకు భర్త నికర జీతంలో 25 శాతం సబబు అన్నది. ఆ మాటే ఊరూరా తిరిగి సూత్రమైపోయింది. పెద్దవాళ్లలో కొందరు ఇప్పటికీ "కోర్టుకు పోతే ఐదు వందలు ఇస్తరు" అంటారు. ఆ 500 రూపాయల పరిమితిని 2001లోనే తీసేశారు.

కోర్టు చూసేది తండ్రి స్తోమతు, తల్లి ఆదాయం, పిల్ల అవసరాలు, అంతవరకు పిల్ల ఏ స్థాయిలో బతికిందీ. ఇవి తేలాలంటే కాగితాలు కావాలి. 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తి, అప్పు, ఆదాయ వివరాల అఫిడవిట్ (ప్రమాణ పత్రం) దాఖలు చేయాలని చెప్పింది. ప్రతివాదికి దానికి నాలుగు వారాలు గడువు. మనోవర్తిని పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కగట్టి ఇవ్వాలనీ అదే తీర్పు చెప్పింది. కాబట్టి "ఆలోచిద్దాం" అంటూ ఏడాది ఆగితే ఆ ఏడాది డబ్బు పోయినట్టే.

"కూలి పని చేస్త, ఏముంది నా దగ్గర" అనే మాట తండ్రులు కోర్టుకిచ్చే దాదాపు ప్రతి కౌంటర్‌లో (రాతపూర్వక జవాబులో) ఉంటుంది. ఒక కేసులో అతని బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించాం. ఒక వరుసలో సీసీఐకి (ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థకు) అమ్మిన పత్తి డబ్బు జమైంది. ఇంకో వరుసలో మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రంలో అమ్మిన వడ్ల డబ్బు. కింద ట్రాక్టర్ లోన్ కిస్తీ. కూలికి పోయే మనిషికి ట్రాక్టర్ కిస్తీ ఎక్కడిదని జడ్జిగారు ఒక్కటే ప్రశ్న అడిగారు. నిజంగానే ఏ ఆస్తీ లేకపోయినా ఒంట్లో సత్తువ ఉన్న తండ్రి కష్టపడి పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో మరోసారి చెప్పింది.

తల్లులు చేసే పొరపాటు ఇంకోటి. "నెలకు పిల్లకెంత ఖర్చవుతుంది?" అని కోర్టులో అడిగితే చాలామంది తడబడతారు. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పాలు, బస్ పాస్, ట్యూషన్, యూనిఫాం, జ్వరమొస్తే మందులు, దేని రసీదు దానికి అతికించండి. పిటిషన్‌లో పిల్లను రెండో పిటిషనర్‌గా విడిగా చూపించమని మీ లాయరును అడగండి. రేపు తల్లి మనోవర్తి ఏ కారణంతోనైనా రద్దయినా పిల్లది నిలబడుతుంది.

అపోహ: "ఆమె టీచరు, జీతం వస్తది. ఇగ నాకేం సంబంధం?"

వాస్తవం: ఇద్దరూ సంపాదిస్తే ఇద్దరూ భరించాలి, ఆదాయాల నిష్పత్తిలో. తండ్రి జీతం తల్లి జీతానికి దాదాపు రెట్టింపున్న కేసులో, పిల్లల ఖర్చును 2:1 గా పంచుతూ సుప్రీంకోర్టు 2000లో తీర్పిచ్చింది. తల్లి జీతం వల్ల తండ్రి వాటా తగ్గవచ్చు, మాయం కాదు.

అపోహ: "దుబాయ్ పోయిండు, ఇగ ఎవలేం జేస్తరు?"

వాస్తవం: జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చే ఆడవాళ్లు సగం ధైర్యం ఇక్కడే వదిలేస్తారు. ముందుగా తెలుసుకోవాల్సింది: అత్తగారి ఊరి కోర్టుకే పోవాలని లేదు. మీరు తల్లిగారింట్లో ఉంటే అక్కడి కోర్టులోనే వేయవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ కింద వేసే ఈ కేసు, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 144వ సెక్షన్ కింద నడుస్తోంది. కోర్టు వరండాలో మాత్రం అందరూ ఇంకా "125 కేసు" అనే అంటారు.

అతను కావాలని సమన్లు తప్పించుకుంటే కోర్టు ఎక్స్‌పార్టీగా, అంటే అతను రాకపోయినా, ఆర్డర్ ఇవ్వగలదు. తగిన కారణం చూపి మూడు నెలల్లోగా దాన్ని రద్దు చేయమని అడిగే అవకాశం అతనికుంటుంది. గల్ఫ్‌లోని జీతాన్ని ఇక్కడి నుంచి పట్టుకోవడం కష్టమే, అది దాచను. కానీ అతని పేరు మీద ఇక్కడ భూమి, ఇల్లు, బ్యాంకు ఖాతా ఉంటే వాటి మీదికి పోవచ్చు. పాసుపుస్తకం జిరాక్సు, సర్వే నంబరు ఉంటే తీసుకురండి. తండ్రి ఇక్కడే సింగరేణిలోనో రైల్వేలోనో పని చేస్తుంటే దారి ఇంకా సులువు. నెలనెలా జీతంలోంచి కోసి పంపమని కోర్టు యాజమాన్యానికి ఆదేశం ఇవ్వగలదు.

అపోహ: "నెల రోజులు జైల్ల ఉండొస్తే బాకీ మాఫీ."

వాస్తవం: కాదు. ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు వేయవచ్చు, అయినా బాకీ బాకీగానే ఉంటుంది. జైలు కట్టించడానికి ఒక మార్గమే తప్ప చెల్లింపు కాదని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

తల్లులు ఒక గడువు గుర్తు పెట్టుకోవాలి. బకాయి వసూలు చేసే వారెంట్ కోసం, డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. దాటితే హక్కు పోదు గానీ, ఆ నెలలకు వారెంట్ దారి మూసుకుపోతుంది. తండ్రులు చేతికి ఇవ్వకండి, ఖాతాకే పంపండి. చేతికిచ్చిన డబ్బు కోర్టులో రుజువు కాక రెండోసారి కట్టినవాళ్లున్నారు.

మిగతావి క్లుప్తంగా. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె మనోవర్తి ఆగుతుంది, పిల్లది ఆగదు. తండ్రి రెండో పెళ్లి చేసుకున్నా మొదటి పిల్లల బాధ్యత తప్పదు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకూ ఇదే హక్కు. ముస్లిం తండ్రి బాధ్యత బిడ్డకు రెండేళ్లు నిండగానే తీరిపోతుందనేది తప్పని 1997లోనే తేలింది. విడాకులైన ముస్లిం తల్లి కూడా 125 కింద అడగవచ్చని 2024 జూలై 10న తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 125 కింద 18 ఏళ్లు నిండాక సాధారణంగా ఆగుతుంది, వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని బిడ్డకు కొనసాగుతుంది. తనను తాను పోషించుకోలేని పెళ్లికాని హిందూ కూతురు 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం కింద 18 తర్వాత కూడా అడగవచ్చు.

అపోహ: "లాయరుకు వేలకు వేలు కావాలె, మా అసోంటోళ్లకు కాదు."

వాస్తవం: ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టమే చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు ఇస్తే చాలు. ఫోన్ నంబరు 15100. తెల్లరేషన్ కార్డు ఉందా అని అక్కడ ఎవరైనా అడిగితే, ఆడవాళ్లకు ఆ షరతు లేదని చెప్పండి. పోయేటప్పుడు పెళ్లి ఫొటో లేదా శుభలేఖ, పిల్ల జనన ధ్రువపత్రం, ఆధార్, బడి ఫీజు రసీదులు, భర్త పని గురించి మీకు తెలిసిన ప్రతి వివరం తీసుకుపోండి. విచారణ నడుస్తుండగానే తాత్కాలిక మనోవర్తి కోసం కూడా పిటిషన్ వేయమని అడగండి. నోటీసు అందిన 60 రోజుల్లో దాన్ని వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉంది. వాయిదాల వల్ల అది దాటుతుంటే, ఆ మాట జడ్జిగారి ముందు గుర్తు చేయమని మీ లాయరును ప్రతి వాయిదాకూ అడగండి.