వేట రైఫిల్ ధర కట్టడం: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో పాత వేట రైఫిల్ అమ్మకానికి వచ్చేది ఎక్కువగా రెండు సందర్భాల్లో. ఇంటి పెద్ద పోయాక పిల్లలెవరికీ లైసెన్సు లేకపోవడం ఒకటి. ఒకరి పేరు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదని 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక మూడోది వదులుకోవాల్సి రావడం మరొకటి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక షికార్లు ఆగిపోయాయి. కాబట్టి ఇది రోజూ బేరాలు జరిగే బజారు కాదు, ధర తెలిసినవాళ్ళు తక్కువ. ఆ ఖాళీలోనే అపోహలు పెరిగాయి. ధర కట్టేటప్పుడు చూడాల్సిన వరుస ఇది: ముందు కాగితాలు, తర్వాత గొట్టం లోపల, ఆ తర్వాత తూటా దొరుకుతుందా లేదా. కంపెనీ పేరు, పైమెరుగు ఆఖరున.

అపోహ: నిజాం కాలం నాటిది, లక్షల్లోనే పలుకుతుంది.

వాస్తవం: పాతదైనంత మాత్రాన ధర రాదు, ఆధారం ఉంటేనే వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా పులివేటకు వాడిన రైఫిల్ అని ఎవరైనా చెబితే ముందు బోర్ (గొట్టం లోపలి కొలత, అంటే ఏ తూటా పడుతుందో) చూడండి. అది .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నం అయితే ఆ కథ నిలవదు. ఆ తూటా 1912లో వచ్చింది, ఆరో నిజాం 1911 ఆగస్టులోనే కన్నుమూశారు. దేవిడీల నుంచి, సంస్థానాల గఢీల నుంచి వచ్చే తుపాకుల వెంట ఇలాంటి కథలు చాలానే వస్తాయి. వాటిని తేల్చడానికి దారి ఉంది. రిగ్బీ, హాలండ్ అండ్ హాలండ్, వెస్ట్లీ రిచర్డ్స్ లాంటి కంపెనీల పాత లెడ్జర్లు ఇప్పటికీ ఉన్నాయి. సీరియల్ నంబర్ రాసి పంపితే ఆ రైఫిల్ ఎప్పుడు, ఏ బోర్‌లో, ఎవరి ఆర్డర్ మీద తయారైందో వాటిలో వెతికించవచ్చు. కుందా (భుజానికి ఆనే కర్ర భాగం) మీద చెక్కిన రాజముద్ర కంటే ఆ ఉత్తరం విలువైనది. ముద్ర ఎప్పుడైనా చెక్కించుకోవచ్చు.

కలకత్తాకు చెందిన మాంటన్, రొడ్డా, లయన్ అండ్ లయన్ పేర్లు గొట్టం మీద ఉంటే అవి చాలాసార్లు అమ్మిన దుకాణం పేర్లే. తయారీ ఇంకెక్కడో జరిగి ఉంటుంది. దుకాణం పేరుకు తయారీదారు ధర ఇవ్వకండి.

అపోహ: గొట్టం లోపల తళతళలాడుతోంది కాబట్టి బాగున్నట్టే.

వాస్తవం: ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. అమ్మేముందు గొట్టంలో నూనె పూస్తారు. ఆ నూనె చిన్న గుంటల్ని నింపేసి మెరుస్తుంది. అందుకే ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడండి: మ్యాగజైన్ తీసి, బోల్ట్ (గొట్టం వెనక భాగాన్ని మూసే కడ్డీ) వెనక్కి లాగి, చాంబర్లో (తూటా కూర్చునే చోట) వేలు పెట్టి మరీ చూడాలి. తర్వాత బోల్ట్ పూర్తిగా బయటికి తీసి, పొడి గుడ్డముక్కలు నూనె అంటనంతవరకు ఒకదాని తర్వాత ఒకటి గొట్టంలో తోయాలి. గుడ్డకు ఎర్రటి మరక వస్తే తుప్పు, పచ్చ-నీలం రంగు వస్తే తూటాల నుంచి అంటిన రాగి. రాగిపొర కింద కూడా గుంటలు దాక్కుంటాయి. రాగిని కరిగించే ద్రావకం వాడి శుభ్రం చేశాకే గొట్టం అసలు రూపం కనబడుతుంది.

ఈ గుంటలకు అసలు కారణం పాత తూటాల ప్రైమర్లు (మందును అంటించే చిన్న మూతలు). వాటిలోని పొటాషియం క్లోరేట్ పేలాక ఉప్పుగా మారి గొట్టంలో మిగులుతుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. ఆ ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. షికారు నుంచి వచ్చి నూనెగుడ్డతో తుడిచి దాచిన రైఫిల్ మన వానాకాలంలో లోపల్నుంచి తినేయబడింది. వేడినీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె పూసినది నూరేళ్ళ తర్వాత కూడా బాగుంటుంది. కాల్చిన తూటాల సంఖ్య కంటే కడిగిన తీరే గొట్టం ఆయుష్షును తేలుస్తుంది.

వెలుతురు వైపు తిప్పి చూసినప్పుడు మూడు చోట్ల ఆగండి. చాంబర్ దాటగానే గాళ్ళు (గొట్టం లోపలి మెలికల గీతలు) మొదలయ్యే చోట అంచులు అరిగి బూడిదరంగులో పగుళ్ళు కనిపిస్తే అది కార్డైట్ (పొగరాని మందు) వేడికి జరిగిన అరుగుదల. గొట్టం మధ్యలో ఎక్కడైనా నల్లటి వలయం కనిపిస్తే ఉబ్బు అనుకోండి. లోపల మట్టో, గుడ్డముక్కో, ఇరుక్కున్న తూటానో ఉండగా కాల్చినప్పుడు అలా అవుతుంది. అదే చోట బయట వేళ్ళతో నిమిరితే చేతికి తెలుస్తుంది. ఇక మూతి. శుభ్రం చేసే కడ్డీని మూతి వైపు నుంచి ఏళ్ళ తరబడి తోస్తే అక్కడి గాళ్ళు ఒక పక్కకు అరిగిపోతాయి, గురి చెదురుతుంది. ఈ మూడింటిలో మూతిని మాత్రం కాస్త కోయించి సరిచేయించవచ్చు. ఉబ్బు ఉంటే ఆ రైఫిల్‌ను కాల్చే తుపాకీగా లెక్కగట్టకండి.

అపోహ: కొత్తగా బ్లూయింగ్ (ఉక్కుకు నీలి-నలుపు రంగు పట్టించడం) చేయిస్తే ధర పెరుగుతుంది.

వాస్తవం: తగ్గుతుంది. రంగు వేసేముందు ఉక్కును రుద్దుతారు, దాంతో అక్షరాల అంచులు మొద్దుబారతాయి, స్క్రూ గుంతల చుట్టూ పల్లం పడుతుంది. సమంగా నల్లగా ఉన్న రంగు కింద గుంటలు కనిపిస్తున్నాయంటే అది మళ్ళీ వేసిన రంగే. జోడు గొట్టాల రైఫిల్‌కు ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. ఆ గొట్టాల్ని, మధ్య పట్టీల్ని కలిపేది మెత్తని టంకం. మరిగే ఉప్పుల తొట్టిలో ముంచే బ్లూయింగ్ ఆ టంకాన్ని తినేస్తుంది. గొట్టాల జతను రైఫిల్ నుంచి విడదీసి, కొక్కేనికి వేలాడదీసి, చెక్కతో మెల్లగా తట్టి చూడండి. గంటలా మోగితే పట్టీ గట్టిగా ఉంది. మందంగా, జరజరమని వినిపిస్తే టంకం వదిలింది. తర్వాత ముందుకర్ర లేకుండా బిగించి వెలుతురుకు పట్టి చూడాలి. గొట్టాలకూ వెనక పలకకూ మధ్య సందు కనిపిస్తే కీలు అరిగింది. ఆ రిపేరు ఖర్చు ధరలోంచి తీసేయాల్సిందే.

అపోహ: తూటా చాంబర్లో సరిగ్గా దూరిందంటే కాల్చవచ్చు.

వాస్తవం: ఇది ప్రాణాల మీదికి తెచ్చే నమ్మకం. మూడంగుళాల .500 ఎక్స్‌ప్రెస్ నల్లమందు రైఫిల్‌కూ, మూడంగుళాల .500 నైట్రో ఎక్స్‌ప్రెస్‌కూ గుల్ల (మందు నింపే ఇత్తడి తొడుగు) ఒకటే. నైట్రో (పొగరాని మందు) తూటాలోని గుండు 570 గ్రెయిన్ల బరువుతో, చాలా ఎక్కువ పీడనంతో వెళుతుంది, పాత నల్లమందు గొట్టం దాన్ని తట్టుకోకపోవచ్చు. తేడా చెప్పేది గొట్టం కింది ప్రూఫ్ ముద్రలు (గొట్టాన్ని పరీక్షించాక కొట్టే గుర్తులు). 'నైట్రో' అని గానీ, 'కార్డైట్' అని మందు బరువు, తూటా బరువుతో గానీ ముద్ర ఉందా చూడండి. లేకపోతే దాన్ని నల్లమందు తుపాకీగానే లెక్కగట్టాలి.

బోల్ట్ రైఫిల్‌లో బోల్ట్ మీది నంబరూ రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు చట్రం) మీది నంబరూ కలవాలి. కలవకపోతే బోల్ట్ మార్చారని అర్థం, హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కూ తూటా అడుగుకూ మధ్య ఖాళీ) గేజ్‌తో చూడక తప్పదు. 'గో' గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, 'నో-గో' మీద మూసుకోకూడదు. ఖాళీ ఎక్కువైతే కాల్చినప్పుడు గుల్ల సాగి, అడుగు దగ్గర చిట్లి, వేడి వాయువు ముఖం వైపు తన్నుతుంది.

సేఫ్టీ పరీక్ష నిమిషం పని. ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలి, ఇప్పుడు సేఫ్టీ తీయండి. లోపలి పిన్ టక్కుమని పడిందంటే ట్రిగ్గర్ పాడైంది.

అపోహ: కుందాకు చెద పట్టకపోతే చాలు.

వాస్తవం: చాలదు. రిసీవర్ తోక వెనక సన్నని నెర్రె, పిడి దగ్గర పగులు, నూనె నాని మెత్తబడ్డ కర్ర చూడండి. కర్ర విప్పి గొట్టం అడుగు భాగం కూడా చూడాలి, తుప్పు అక్కడ దాక్కుంటుంది.

అపోహ: ఇంటర్నెట్‌లో డాలర్లలో ఉన్న ధరే ఇక్కడా ధర.

వాస్తవం: ఆ అంకెను రూపాయల్లోకి మారిస్తే ఏమీ తేలదు. మామూలు లైసెన్సుదారులకు విదేశీ ఆయుధాల దిగుమతి 1980లలోనే ఆగింది. అందుకే ఇక్కడ మంచి స్థితిలో ఉన్న .30-06 మౌజర్‌కు బయటి దేశాల్లో కంటే బాగా ఎక్కువ రావచ్చు. అక్కడ వేలంలో గొప్ప ధర పలికే పెద్ద బోర్ రైఫిల్‌కు తూటాలు దొరక్క ఇక్కడ కొనేవాడే ఉండకపోవచ్చు. .315, .30-06 తూటాలు మన ప్రభుత్వ కర్మాగారాల్లో తయారవుతాయి, ఆ బోర్లకు గిరాకీ నిలిచి ఉండటానికి కారణం అదే. .303 నిషిద్ధ బోర్, మామూలు లైసెన్సు మీద కొనలేరు. లండన్ వేలానికి పంపుదామనుకునేవాళ్ళు 1972 నాటి పురావస్తువుల చట్టాన్ని కూడా చూసుకోవాలి. నూరేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు కిందికి వస్తే దాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించలేడు.

అపోహ: ఇద్దరికీ లైసెన్సు ఉంటే రైఫిల్ ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు.

వాస్తవం: అమ్మే ఉద్దేశాన్ని ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా తెలియజేయాలి. చట్టం చెప్పిన 45 రోజులు గడిచాకే రైఫిల్ చేతులు మారాలి. హైదరాబాద్ నగరంలో లైసెన్సు అధికారం పోలీస్ కమిషనర్‌ది. కొనేవారి లైసెన్సులో ఆ బోర్ రాసి ఉండాలి, యూఐఎన్ (లైసెన్సుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉండాలి, లైసెన్సులోని సీరియల్ నంబర్ ఉక్కు మీది నంబర్‌తో అక్షరం తేడా లేకుండా కలవాలి. నంబర్ చెరిపిన ఆనవాలు కనిపిస్తే ధర గురించి మాట్లాడకండి, ముట్టుకోకండి.

వారసులు కాగితాలు తేలేదాకా రైఫిల్‌ను పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న గన్ హౌస్‌లో గానీ డిపాజిట్ చేయాలి. విలువ పడిపోయేది చాలావరకు ఈ కాలంలోనే. తోలుపెట్టెలో పెట్టి ఇవ్వకండి. తోలు తేమ పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసిన రసాయనాలు ఉక్కును తింటాయి. లోపలా బయటా పల్చగా నూనె పూసి, బోర్, సీరియల్ నంబర్, గొట్టం స్థితి రసీదులో రాయించుకుని, నంబర్ కనిపించేలా ఫోటోలు తీసుకోండి. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి వెళ్ళి అక్కడివాళ్ళ సమక్షంలో తుడిపించండి.