కౌబాయ్ నవలల జేన్ గ్రే: అపోహలు – వాస్తవాలు

సాహస నవలలు ఎడిట్ చేయడం నా పని. కృష్ణగారు 1971లో కౌబాయ్ టోపీ పెట్టిన దగ్గర్నుంచీ ఆ గుర్రాలూ తుపాకులూ మనకు పరాయివి కావు. అయితే వాటిని అమెరికాలో ఇంటింటికీ చేర్చిన జేన్ గ్రే గురించి మాత్రం విన్నవన్నీ నమ్మేస్తున్నాం.

అపోహ: ఆయన గుర్రం మీద పుట్టి పెరిగిన కౌబాయ్.
వాస్తవం: పళ్ల డాక్టరు! 1872లో ఒహాయోలోని జేన్స్‌విల్‌లో పుట్టారు. ఆ ఊరు తల్లి తరఫు పూర్వీకులు కట్టిందే. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో బేస్‌బాల్ ఆడుతూ దంతవైద్యం చదివి, న్యూయార్క్‌లో ప్రాక్టీసు పెట్టారు. 1907లో బఫెలో జోన్స్ అనే వేటగాడి వెంట ఆరిజోనా వెళ్లి, కొండ సింహాలను తాళ్లు విసిరి పట్టడం కళ్లారా చూసేనాటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. కొత్త చోటికి వెళ్లినవాడికి ఉండే ఆబ ఆ వర్ణనల్లో కనిపిస్తుంది. ఒక్కోచోట ఎర్రమట్టి లోయల్ని అంతసేపు వర్ణించకపోతే బాగుండనిపిస్తుంది కూడా.

అపోహ: మొదటి పుస్తకంతోనే దశ తిరిగింది.
వాస్తవం: మొదటి నవలను ఎవరూ వేసుకోకపోతే 1903లో సొంత ఖర్చుతో అచ్చేయించుకున్నారు. ఆరిజోనా అనుభవాలతో రాసిన పుస్తకాన్ని హార్పర్ అనే ప్రచురణ సంస్థ సంపాదకుడు రిప్లీ హిచ్‌కాక్ తిప్పి పంపారు. ఆయనే 1910లో తర్వాతి నవల తీసుకున్నారు. 1912 నాటి ‘రైడర్స్ ఆఫ్ ద పర్పుల్ సేజ్’ కూడా మోర్మన్లకు (అమెరికాలోని ఒక క్రైస్తవ శాఖవారికి) కోపం వస్తుందన్న భయంతో ముందు తిరస్కరణకు గురైందే.

అపోహ: భార్య డాలీ రాతప్రతులు సాపు రాసి పెట్టేదంతే.
వాస్తవం: ఈ అపోహంటే నాకు ఒళ్లు మంట. గ్రే వాలుకుర్చీలో కూర్చుని, ఒళ్లో పలక పెట్టుకుని పెన్సిల్‌తో గబగబా రాసుకుపోయేవారు. వ్యాకరణం, విరామచిహ్నాలు, వాక్యం నడక ఆమె సరిదిద్దాల్సిందే. ప్రచురణకర్తలతో బేరాలు కూడా ఆమెవే. ఆయన ప్రాక్టీసు మానేసి రాతకు కూర్చోగలిగింది ఆమెకు వారసత్వంగా వచ్చిన డబ్బుతోనే. అట్ట మీద మాత్రం ఒకటే పేరు.

అపోహ: వెస్టర్న్‌లలో, అంటే ఈ కౌబాయ్ కథల్లో, రెడ్ ఇండియన్ ఎప్పుడూ విలనే.
వాస్తవం: ‘ద వానిషింగ్ అమెరికన్’ చూడండి. అందులో ఆదివాసీయే నాయకుడు. చిన్నప్పుడే ఎత్తుకుపోతే తెల్లవాళ్ల మధ్య పెరిగి, చదువుకుని, తన జనం దగ్గరికి తిరిగొస్తాడు. వాళ్లను దోచుకునేవాళ్లలో మిషనరీలూ ఉంటారు. పత్రికలో సీరియల్‌గా వస్తుండగానే నిరసన ఉత్తరాలు కుప్పలుగా పడ్డాయి. తెల్ల అమ్మాయితో అతని ప్రేమ ఫలించడమూ మింగుడుపడలేదు. ప్రచురణ సంస్థ ఒత్తిడితో 1925లో పుస్తకంగా వచ్చేసరికి నాయకుణ్ని చంపేశారు. గ్రే మొదట రాసుకున్న ముగింపు 1982లో గానీ బయటపడలేదు. అలాగని ఆయన్ను విప్లవకారుణ్ని చేయనక్కర్లేదు. ఆ జాతి అంతరించిపోక తప్పదన్న నమ్మకం పేరులోనే ఉంది.

అపోహ: ఆయన పోయాక వచ్చిన నవలలు వేరేవాళ్లు రాసినవి.
వాస్తవం: గ్రే 1939లో కన్నుమూశారు. అప్పటికే హార్పర్ దగ్గర రాతప్రతులు అంతగా పేరుకుపోయాయి కాబట్టి 1963 దాకా కొత్త పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. అందుకని అచ్చయిన సంవత్సరం చూసి, ‘చివరి దశలో గ్రే శైలి’ అంటూ వ్యాసం మొదలుపెట్టకండి. అది ఎప్పుడు రాసిందో ముందు చూసుకోండి.