వరంగల్‌లో పెద్ద రీఫ్ ట్యాంకు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో అక్వేరియంలు కట్టడం నా పని. మంచినీళ్ల ట్యాంకులతో మొదలుపెట్టాను, ఇప్పుడు ఎక్కువగా ఉప్పునీళ్ల రీఫ్ ట్యాంకులే (చేపలతో పాటు పగడాలు, అంటే కోరల్స్, పెంచేవి) చేస్తున్నాను. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు ఫోన్ చేసి ముందుగా అడిగేది, "అన్నా, ఎనిమిది ఫీట్ల ట్యాంకు ఎంతయితది?" అని. నేను అడిగేది, "స్లాబ్ పడ్డదా, ఇంకా లేదా?" అని. ట్యాంకు ముందు నుంచి ఎలా కనబడాలో అందరికీ తెలుసు. కింద ఎంత బరువు పడుతుంది, కరెంటు పోతే నీళ్లు ఎటు పోతాయి, మే నెలలో ఏం చేయాలి అన్నది మాత్రం చివరిదాకా ఎవరూ అడగరు. నాకు రోజూ ఎదురయ్యే అపోహలన్నీ అక్కడి నుంచే వస్తున్నాయి.

అపోహ: ఇల్లంతా అయ్యాక ట్యాంకు సంగతి చూసుకోవచ్చు.

వాస్తవం: ఒకసారి లెక్క వేద్దాం. పొడవు 8 అడుగులు, వెడల్పు రెండున్నర, ఎత్తు రెండున్నర. నిండుగా పోస్తే దాదాపు 1,400 లీటర్లు. సముద్రపు నీళ్లు లీటరుకు కిలో కన్నా కాస్త ఎక్కువే తూగుతాయి. 19 ఎంఎం గ్లాసు వాడితే గ్లాసు ఒక్కటే 300 కిలోలు దాటుతుంది. రాళ్లు, ఇసుక, ఇనుప స్టాండు, కింద సంప్ కలిపితే రెండు టన్నులు. (సంప్ అంటే ఇంటి ముందు తవ్వించే నీళ్ల సంపు కాదు, ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి.) మన ఇళ్లలో గదుల స్లాబును ఐఎస్ 875 (భవనాల బరువులకు భారతీయ ప్రమాణం) ప్రకారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) పట్టుకుని డిజైన్ చేస్తారు. ఈ ట్యాంకు కింద అదే చదరపు మీటరు మీద వెయ్యి కిలోలు దాటుతుంది. అందుకే పై అంతస్తులో అయితే స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సరే అనేదాకా నేను పని ఒప్పుకోను. గ్రౌండ్ ఫ్లోర్ అయినా మొరం పోసి సరిగా దిమ్మిస కొట్టని చోట టైల్స్ కుంగుతాయి. ఒక మూల రెండు మిల్లీమీటర్లు దిగినా ఆ ఒత్తిడి గ్లాసు మీదికి, అతుకుల మీదికి పోతుంది.

ఈశాన్యంలో పెట్టాలా అని కూడా అడుగుతారు. నమ్మకం ఉన్నవాళ్లను నేను కాదనను. కానీ బరువు, డ్రైనేజీ, ఎండ చూశాకే దిక్కు చూడమంటాను. పడమటి గోడకు ఆనించిన ట్యాంకును ఎండాకాలం సాయంత్రం వేళ చల్లగా ఉంచడం చాలా కష్టం.

అపోహ: లీటర్లు పెరిగితే గ్లాసు మందం పెరగాలి.

వాస్తవం: గ్లాసు మీద ఒత్తిడి నీళ్ల ఎత్తును బట్టి ఉంటుంది. పొడవు పెరిగితే పలక మధ్యలో వంగుతుంది, దానికి పైన బ్రేసింగ్ (అడ్డ పట్టీలు) ఇస్తాం. ఎత్తు పెంచితేనే ఖర్చు, ప్రమాదం రెండూ పెరుగుతాయి. పైగా మూడడుగులు దాటిన ట్యాంకులో అడుగుదాకా చెయ్యి అందదు. చెయ్యి అందని చోట శుభ్రం చేయడం మెల్లగా మానేస్తారు. ఇంకొకటి, టఫెన్డ్ గ్లాసుకు తర్వాత రంధ్రం వేయలేం, వేస్తే మొత్తం పొడి అయిపోతుంది. పైపులు ఎక్కడ వస్తాయో ముందే తేల్చుకోవాలి.

అపోహ: సూర్యలంక నుంచి రెండు ట్యాంకర్ల సముద్రపు నీళ్లు తెప్పిస్తే ఖర్చు తగ్గుతుంది.

వాస్తవం: ఒడ్డు దగ్గరి నీళ్లలో బురద ఉంటుంది, మురుగు కలుస్తుంది. బంగాళాఖాతంలో వానాకాలం నదుల నీళ్లు కలిసి పైపొరలో ఉప్పదనం పడిపోతుంది. రీఫ్‌కు కావలసింది లీటరుకు 35 గ్రాముల దగ్గర నిలకడగా ఉండే ఉప్పదనం. అందుకే అక్వేరియం సాల్ట్ కలుపుకుంటాం, ఈ సైజు ట్యాంకుకు మొదటిసారి 50 కిలోలు పడుతుంది. ఇంట్లో దొడ్డు ఉప్పు పనికిరాదు. అందులో ఉండేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయి, కోరల్ బతికేది అన్నిటి మీద కలిపి.

కలపడానికి బోరు నీళ్లు వద్దు. వంటింటి ఆర్ఓ కూడా వద్దు, అందులో తాగడానికి రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మళ్లీ పెంచుతారు. మనకు ఆర్ఓ తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) కూడా దాటి, మీటరు మీద సున్నా చూపించే నీళ్లు కావాలి. దారిలో ఇత్తడి కుళాయి, రాగి పైపు ఎక్కడా ఉండకూడదు. నీళ్లలో రాగి కొద్దిగా కలిసినా రొయ్యలు, నత్తలు, కోరల్స్ చచ్చిపోతాయి.

అపోహ: పెద్ద చిల్లర్ (ట్యాంకు నీళ్లను చల్లబరిచే యంత్రం) కొంటే వరంగల్ ఎండలకు టెన్షన్ లేదు.

వాస్తవం: చిల్లర్ చల్లదనాన్ని పుట్టించదు. నీళ్లలోని వేడిని తీసి గదిలోకి వదులుతుంది. ఒక ఇంట్లో దాన్ని అందం కోసం స్టాండు లోపల, తలుపులు మూసిన కప్‌బోర్డులో బిగించారు. మే రెండో వారంలో నన్ను పిలిచారు. తలుపు తెరవగానే ముఖానికి పొయ్యి దగ్గర కూర్చున్నంత సెగ తగిలింది. చిల్లర్ ఆగకుండా తిరుగుతోంది, నీళ్లు మాత్రం 31 డిగ్రీలు. లెదర్ కోరల్ (తోలులా ఉండే మెత్తటి కోరల్) చేతులన్నీ లోపలికి ముడుచుకుని మొద్దులా పడి ఉంది. చిల్లర్‌ను వెనక బాల్కనీలోకి మార్చి, పైపులకు ఇన్సులేషన్ చుట్టాం. రెండో రోజు సాయంత్రానికి 26కు దిగింది. లెదర్ మళ్లీ విచ్చుకోవడానికి మాత్రం పది రోజులు పట్టింది.

ఫ్యాన్ల సంగతి మన ఎయిర్ కూలర్ ఉన్నవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. సంప్ మీద ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. పొడి గాలి వీచే మే నెలలో బాగా పనిచేస్తుంది, జూలై ఉక్కపోతలో కూలర్ లాగే చేతులెత్తేస్తుంది. అందుకే నేను రెండూ పెడతాను, ఎండాకాలం ఫ్యాను పని చేసినంతసేపు చిల్లర్ కరెంటు మిగులుతుంది.

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. రోజుకు 10 లీటర్లు ఆవిరైతే వారానికి 70. ఆ లోటును ఉప్పునీళ్లతో నింపితే 35 ఉండాల్సిన ఉప్పదనం వారంలో 37 దగ్గరికి పోతుంది. టాప్ అప్‌కు సున్నా టీడీఎస్ మంచినీళ్లే పోయాలి.

అపోహ: ఇన్వర్టర్ ఉంది కదా, కరెంటు పోతే ఏమవుతుంది?

వాస్తవం: ఇన్వర్టర్ మీద వేవ్ మేకర్లు (ట్యాంకులో అల పుట్టించే పంపులు) తప్పకుండా పెట్టండి. నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ పడిపోతుంది. కానీ రిటర్న్ పంపు (సంప్ నుంచి నీళ్లను పై ట్యాంకుకు ఎక్కించేది) ఆగిన క్షణంలో ఇంకో సంగతి ఉంది. పై ట్యాంకు నీళ్లు పైపు మూతి మట్టం దాకా వెనక్కి సంప్‌లోకి దిగుతాయి. 8 అడుగులు, రెండున్నర అడుగుల ట్యాంకులో ఒక్క అంగుళం నీళ్లంటే 47 లీటర్లు. రెండు అంగుళాలు దిగితే దాదాపు వంద లీటర్లు. సంప్‌లో అంత ఖాళీ లేకపోతే అవన్నీ హాల్లోనే.

ఇది నేను చూసి నేర్చుకున్నదే. నా మొదటి పెద్ద ట్యాంకులో సైఫన్ (పైపు నీళ్లను వెనక్కి లాగడం) ఆగడానికి, గాలి పోయేలా రిటర్న్ పైపుకు చిన్న రంధ్రం పెట్టాను. ఆరు నెలలకు అందులో నాచు పట్టి మూసుకుపోయింది. ఒక రాత్రి కరెంటు పోయింది, తెల్లారేసరికి ఆ ఇంట్లో సోఫా కింద దాకా ఉప్పునీళ్లు. అప్పటి నుంచి రంధ్రాన్ని నమ్మను. పైపు మూతిని నీటి మట్టానికి ఒక అంగుళం లోపే పెడతాను. అప్పగించే రోజు ఇంటివాళ్ల ముందే మూడుసార్లు మెయిన్ ఆపేసి, సంప్‌లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో మార్కర్‌తో గీత గీసి చూపిస్తాను.

అపోహ: డబ్బులుంటే ఏ కోరల్ అయినా పెట్టుకోవచ్చు.

వాస్తవం: రీఫ్ కట్టే గట్టి కోరల్స్‌ను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. చచ్చిపోయిన తెల్ల కోరల్ ముక్క డెకరేషన్‌కు కొన్నా అది నేరమే. సముద్ర గుర్రాలూ అంతే. "షాపులో అమ్ముతున్నరు కదా అన్నా" అంటారు. అమ్మేవాడు జవాబుదారీ కాడని కాదు, కొన్నవాడూ జవాబుదారే. నేను సాఫ్ట్ కోరల్స్‌తోనే డిజైన్ చేస్తాను, అవి కూడా ఎక్కడి నుంచి వచ్చాయో బిల్లూ కాగితాలూ ఉంటేనే. మెల్లటి అలకు లెదర్ కోరల్ వేళ్లు ఊగుతుంటే చూసినవాళ్లు ఇంకేదీ అడగరు.

రాళ్లకు కూడా సముద్రం జోలికి పోవద్దు. అలాగని కరీంనగర్ గ్రానైట్ ముక్కలు వేయొద్దు. అవి నీళ్లను పాడు చేస్తాయని కాదు, వాటికి సందులు లేవు. బ్యాక్టీరియా కాపురం ఉండేది సందుల్లోనే. సెరామిక్‌తో తయారు చేసిన గుల్ల రాయి తీసుకోండి.

అపోహ: క్లౌన్ ఫిష్ అనిమోన్ (అది దాక్కునే, పువ్వులా కనిపించే సముద్ర జీవి) లేకపోతే బతకదు.

వాస్తవం: బతుకుతుంది. హేచరీలో పుట్టిన పిల్లలనే అడగండి, మన దేశంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాటి పెంపకం పద్ధతులను ఎప్పుడో రూపొందించింది.

అపోహ: గృహప్రవేశానికి వారం ముందు నీళ్లు పోస్తే ఆ రోజుకు చేపలు తిరుగుతాయి.

వాస్తవం: చేప వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లలో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఒక్క చేపను కూడా వేయను. ముహూర్తం దగ్గరపడితే రాళ్లు, లైటు, అల మాత్రం చూపించండి. ఈలోగా ఇసుక మీద, గ్లాసు మీద గోధుమ రంగు పొర పడుతుంది. అప్పుడు తప్పకుండా ఫోన్ వస్తుంది, "అన్నా, ట్యాంకు ఖరాబైంది" అని. ఖరాబు కాలేదు. అవి డయాటమ్స్ (కంటికి కనిపించనంత చిన్న నాచు), కొత్త ట్యాంకులో వచ్చిపోయేవే. టెస్టులు బాగున్నాయంటే మొదట పదిహేను నత్తలను తెచ్చి వదులుతాను. మర్నాటి పొద్దున ఆ గోధుమ గ్లాసు మీద అవి తిరిగిన దారులు తెల్లగా కనబడతాయి.