కార్న్ సిరప్ బదులు ఏం వాడాలి? ముందు అది చేసే పని చూడాలి

అమెరికా వంటకాల్లో కారమెల్ మిఠాయిలకూ, మార్ష్‌మాలోలకూ, పెకాన్ గింజలతో చేసే పై అనే తీపి వంటకానికీ, మొక్కజొన్న నుంచి తీసే చిక్కని తియ్యని కార్న్ సిరప్ తప్పనిసరి పదార్థంగా కనిపిస్తుంది. మన ఊళ్లలోని మామూలు కిరాణా కొట్లలో అది దొరకడం అరుదు కనుక, చిక్కగా తియ్యగా ఉంటుంది కదా అని చాలామంది దాని బదులు అదే కొలతలో తేనె పోస్తారు. కేకులో అలా పోస్తే ఫలితం బాగానే ఉంటుంది. గట్టి మిఠాయిలో పోస్తే రంగు నల్లబడి, మర్నాటికి చేతికి అంటుకునే ముద్ద మిగులుతుంది. ద్రవరూపంలో పోసే తీపి పదార్థం తీపినివ్వడమే కాక, పాకం పలుకులు కట్టకుండా ఆపుతుంది, తేమను పట్టి ఉంచుతుంది, వంటకానికి రంగునిస్తుంది, కొన్నిసార్లు పులుపును కూడా తెస్తుంది. చేయబోయే వంటకంలో వీటిలో ఏది ముఖ్యమో తెలుసుకున్న తరువాతే బదులు వెతకాలి, ఎందుకంటే వీటన్నింటిలోకి సులభంగా భర్తీ చేయగలిగింది తీపి ఒక్కటే.

పలుకులు కట్టడం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పంచదార అంటే దాదాపు పూర్తిగా సుక్రోజ్; దాని ఒక్కొక్క అణువులో ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ జంటగా ఉంటాయి. పాకం ముదిరేకొద్దీ నీరు ఆవిరైపోయి, చల్లారాక ఆ కొద్ది నీటిలో కరిగి ఉండగలిగిన దానికంటే ఎక్కువ సుక్రోజ్ మిగిలిపోతుంది. అప్పుడు గిన్నె అంచుకు అంటిన ఒక్క పలుకు జారి పడినా, వేడి మీద గరిటెతో కలిపినా, సుక్రోజ్ అణువులు వరసగా పేరుకుంటూ పోయి పాకమంతా ఇసుకలా తయారవుతుంది. వేరే ఆకారం గల చక్కెరలు మధ్యలో చేరితే, గోడ వరసలో కొలత కలవని ఇటుక పడ్డట్టు, ఆ పేర్పు కుదరదు. కార్న్ సిరప్ చేసే అసలు పని ఇదే. మొక్కజొన్న పిండిపదార్థాన్ని ఆమ్లంతో గానీ ఎంజైములతో గానీ విడగొట్టి దాన్ని తయారుచేస్తారు కనుక, అందులో గ్లూకోజ్, మాల్టోజ్, ఇంకా పొడవైన గ్లూకోజ్ గొలుసులు ఉంటాయి. పిండిపదార్థాన్ని పలచని గంధకామ్లంతో మరిగిస్తే తియ్యని ద్రవం వస్తుందని కిర్హాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1811లో గుర్తించాడు. కారో అనే పేరుతో కార్న్ సిరప్ 1902లో అమెరికా ఇళ్లకు చేరింది. శీతల పానీయాల్లో కలిపే హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్ వేరు; అందులో గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని మరో ఎంజైముతో ఫ్రక్టోజ్‌గా మారుస్తారు.

ఈ పనికి మన వంటిళ్లలో ఎప్పటినుంచో ఒక ఉపాయం ఉంది. గులాబ్ జామూన్ పాకం గడ్డకట్టకుండా నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుతాము. వేడిలో ఆ పులుపు సుక్రోజ్‌లో కొంత భాగాన్ని గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. విడిపోయిన ఆ రెండూ మిగిలిన సుక్రోజ్‌ను పేరుకోనివ్వవు. రెండు కప్పుల పంచదార, ముప్పావు కప్పు నీళ్లు, ఒక పెద్ద చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు కలిపి, మరగడం మొదలైన తరువాత గరిటె పెట్టకుండా సన్నని సెగ మీద కాచి, తీగ పాకం దగ్గర దించి చల్లారిస్తే, చాలా వంటకాల్లో కార్న్ సిరప్ బదులు అదే కొలతలో వాడుకోదగిన ద్రవం సిద్ధమవుతుంది. కార్న్ సిరప్ కంటే ఇది తియ్యగా ఉంటుంది కనుక, వంటకంలోని పంచదారను కొద్దిగా తగ్గించుకోవాలి.

బెల్లంలో విడిపోయిన ఈ చక్కెరలు ముందే కొంత ఉంటాయి. నరికిన చెరకును వెంటనే గానుగ ఆడకుండా నిలవ ఉంచితే వాటి శాతం ఇంకా పెరిగి, బెల్లం సరిగా గట్టిపడదు. అచ్చు బెల్లం తయారుచేసే రైతుకు అది నష్టమే గానీ, పల్లీ పట్టి చేసేవారికి బెల్లంలో సహజంగా ఉన్న ఆ కొద్ది భాగం మేలే చేస్తుంది. బెల్లం పాకం పంచదార పాకమంత తొందరగా పలుకులు కట్టకపోవడానికి అదొక ముఖ్య కారణం. పెకాన్ పైలో కార్న్ సిరప్ బదులు వడగట్టిన చిక్కని బెల్లం పాకం చక్కగా అమరుతుంది, పైగా రుచిలో దానికంటే ఎంతో మేలు అని నా అభిప్రాయం.

కెనడాలోనూ అమెరికాలోనూ ఉంటున్న మనవాళ్ల ఇళ్లలో సాధారణంగా కనిపించే, మేపుల్ చెట్టు రసం కాచి చేసే మేపుల్ సిరప్ మాత్రం పలుకులను ఆపే పనికి పనికిరాదు. చూడడానికి ద్రవమే అయినా దానిలోని చక్కెరలో అత్యధిక భాగం సుక్రోజే. దాన్నే మరగకాచి, చల్లార్చి, కలియబెట్టి, కావాలని పలుకులు కట్టించి అక్కడ మేపుల్ మిఠాయి చేస్తారు.

ఇక తేనె. దానిలో పలుకులను ఆపే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పుష్కలంగా ఉన్నా, గట్టి మిఠాయికి అది సరిపడదు. గట్టి మిఠాయి పాకం దాదాపు 150 డిగ్రీల సెల్సియస్ దాకా కాగాలి. సుక్రోజ్ మాడి రంగు మారడానికి 160 డిగ్రీల వరకూ పడితే, ఫ్రక్టోజ్‌కు 110 డిగ్రీలే చాలు. పైగా ఫ్రక్టోజ్ గాలిలోని తేమను బలంగా లాక్కుంటుంది కనుక, విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో వానాకాలం చేసిన తేనె మిఠాయి కరకరలాడడం కష్టం. నిమ్మరసం మోతాదు మించితే పంచదార పాకానికి పట్టే గతి కూడా ఇదే. ఇలాంటి మిఠాయిలకు బేకరీ సామాన్ల కొట్లలో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ కొనుక్కోవడమే మంచిది. అది కార్న్ సిరప్‌కు సొంత తోబుట్టువు, కాకపోతే ఇంకా చిక్కగా ఉంటుంది కాబట్టి కాసిని వేడినీళ్లు కలిపి వాడుకోవాలి.

మిఠాయిని పాడుచేసిన ఆ తేమగుణమే కేకును మూడు నాలుగు రోజులు మెత్తగా ఉంచుతుంది. అందువల్ల కేకుల్లో, కుకీల్లో తేనెకు మించిన బదులు లేదు. అయితే కొలతలు తెలిసి మార్చుకోవాలి. ఒక కప్పు తేనె దాదాపు 340 గ్రాములు తూగుతుంది, అందులో 60 గ్రాముల వరకు నీరే. ఒక కప్పు పంచదార 200 గ్రాములే. తేనె అడిగిన చోట కప్పుంపావు పంచదార, పావు కప్పు నీళ్లు వేయమని చెప్పే వంటింటి లెక్క ఇక్కడినుంచే వచ్చింది. తేనె పులుపు గుణం కలది, పులుపును కొలిచే దాని పీహెచ్ సగటున 4కు కాస్త తక్కువ (ఈ అంకె 7కు ఎంత తగ్గితే అంత పులుపు). కేకులో వంట సోడా పొంగడానికి ఆ పులుపే ఆధారమైతే, తేనె తీసేసి పంచదార నీళ్లు పోసినప్పుడు కేకు పొంగక, సోడా సబ్బు రుచి నాలుకకు తగులుతుంది. అప్పుడు పాలకు బదులు పెరుగు వాడితే సరిపోతుంది. పంచదార స్థానంలో తేనె వాడేటప్పుడు ఓవెన్ వేడిని 15 డిగ్రీలు తగ్గించాలి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పిండిలోని ప్రొటీన్లతో నేరుగా చర్య జరిపి గోధుమ రంగు తెస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ 1912లో వివరించిన ఈ చర్యలో సుక్రోజ్ విడిపోతే తప్ప పాల్గొనలేదు.

పాలున్న చోట బెల్లం పాకంతో జాగ్రత్త అవసరం. పరమాన్నం దించి కాస్త చల్లారాకే బెల్లం కలపాలని మన పెద్దవాళ్లు చెప్పేది అందుకే. మరిగే పాలలో బెల్లంలోని ఆమ్లాలూ లవణాలూ కలిస్తే పాలు విరిగిపోతాయి. పాలు పోసి చేసే కారమెల్ సాస్‌కూ అదే నియమం వర్తిస్తుంది.

ఆరోగ్యం పేరుతో తేనెకు మారేవారు ఒక లెక్క చూసుకోవాలి. ఒక పెద్ద చెంచా తేనెలో సుమారు 64 కేలరీలు ఉంటే, అంతే పంచదారలో సుమారు 49 ఉంటాయి, ఎందుకంటే చెంచాలో తేనె బరువు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తగ్గించమని చెప్పిన చక్కెరల్లో తేనె కూడా ఉంది. మధుమేహం ఉన్నవారికి బెల్లం, తేనె, మేపుల్ సిరప్ ఏవీ మినహాయింపు కావు. ఏడాది నిండని బిడ్డలకు మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు, పురిటి బిడ్డకు తేనె నాకించే ఆచారం ఉన్న ఇళ్లలో ఇది తప్పక తెలియాలి; తేనెలో ఉండగల, బొట్యులిజం అనే జబ్బును తెచ్చే బ్యాక్టీరియా బీజాలు పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేయగలవు, వంటింట్లో మరిగించినా ఓవెన్‌లో కాల్చినా అవి నశిస్తాయన్న భరోసా లేదు.