కాపలా సాఫ్ట్‌వేర్‌కే కన్నం

2025 సెప్టెంబర్ 24న నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో, తన రౌటర్లు, స్విచ్‌లను నడిపే ఐఓఎస్, ఐఓఎస్ ఎక్స్‌ఈ సాఫ్ట్‌వేర్లలోని ఎస్‌ఎన్‌ఎంపీ భాగంలో స్టాక్ ఓవర్‌ఫ్లో, అంటే మెమరీలో కేటాయించిన చోటును మించి డేటా పొంగిపోయే లోపం, ఉందని ప్రకటించింది. అప్పటికే దాడులు మొదలయ్యాయి. లోపం కొత్తదే, దాని వంశం మాత్రం చాలా పాతది.

రౌటర్లు, స్విచ్‌లు, సర్వర్లు ఎలా పనిచేస్తున్నాయో దూరం నుంచి కనుక్కునే పద్ధతి ఎస్‌ఎన్‌ఎంపీ. మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ అడుగుతుంది, పరికరంలోని ఏజెంట్ అనే ప్రోగ్రామ్ జవాబిస్తుంది. దీని మొదటి ప్రమాణం 1988 ఆగస్టులో వచ్చింది. అదే ఏడాది నవంబర్ 2న తనంతట తానే వ్యాపించే మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసింది. అది వాడుకున్న దారుల్లో ఒకటి, యూజర్ల వివరాలు చెప్పే ఫింగర్ సర్వర్. 512 బైట్లకు చోటున్న బఫర్‌లోకి (వచ్చిన డేటాను తాత్కాలికంగా ఉంచే చోటు) 536 బైట్లు పంపింది. మిగిలిన బైట్లు ప్రోగ్రామ్ తర్వాత ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే, పక్కనున్న రిటర్న్ అడ్రస్ మీద పడ్డాయి, ప్రోగ్రామ్ వర్మ్ చెప్పిన చోటికి వెళ్లింది. ఫింగర్ సర్వర్ వాడిన, పొడవు చూడకుండా చదివే గెట్స్ ఫంక్షన్‌ను సీ భాష ప్రమాణం నుంచి తీసేసింది 2011లో!

నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ రాసినవాళ్లకు ఈ పాఠం ఎందుకు ఎక్కలేదు? ఎస్‌ఎన్‌ఎంపీ ప్యాకెట్లు మన లోపలి నెట్‌వర్క్ నుంచే వస్తాయన్న నమ్మకమే కారణమని నాకనిపిస్తుంది. మొదటి వెర్షన్‌కు ఉన్న రక్షణ ఒక్క కమ్యూనిటీ స్ట్రింగ్, అంటే పాస్‌వర్డ్ లాంటి ఒక పదం. అదీ ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తుంది, చాలా పరికరాల్లో ముందే 'పబ్లిక్' అని పెట్టి ఉంచేవారు. పైగా ఆ స్ట్రింగ్ సరైనదో కాదో చూడాలన్నా ముందు ప్యాకెట్‌ను విప్పి చదవాలి. ప్రతి ఫీల్డూ తన పొడవు తానే చెప్పుకుంటుంది. ఆ అంకెను నమ్మి కాపీ చేసే కోడ్ ఉంటే ఇక పాస్‌వర్డ్ దాకా పోనక్కర్లేదు.

దీన్ని బయటపెట్టింది ఫిన్లాండ్‌లోని ఔలు యూనివర్సిటీ పరిశోధకులు. ప్రోటోస్ అనే పరీక్షలతో, పొడవులు తప్పుగా రాసిన ప్యాకెట్లను ఒక్కో ఉత్పత్తికీ పంపి చూశారు. 2002 ఫిబ్రవరి 12న కంప్యూటర్ భద్రత చూసే సెర్ట్ సంస్థ హెచ్చరిక విడుదల చేసింది. ఒక కంపెనీ పొరపాటైతే సర్దుకుపోవచ్చు. ఇక్కడ ఎన్నో కంపెనీలు ఒకే రకం తప్పు చేశాయి.

అడిగే వైపు, అంటే మేనేజర్ కూడా అంతే బలహీనం. పెద్ద సంస్థలు వాడిన హెచ్‌పీ ఓపెన్‌వ్యూ నెట్‌వర్క్ నోడ్ మేనేజర్‌లో 2009 డిసెంబర్‌లో ఒకేసారి చాలా ఓవర్‌ఫ్లోలు బయటపడ్డాయి. ఓవీఅలారం అనే ప్రోగ్రామ్‌ను లొంగదీయడానికి, బ్రౌజర్ తనకు కావలసిన భాష చెప్పే యాక్సెప్ట్-లాంగ్వేజ్ హెడర్‌ను బాగా పొడుగ్గా పంపితే చాలు. నిజానికి భయపడాల్సింది ఇలాంటి సర్వర్ గురించే. ఏ పరికరం ఎక్కడుందో దానికి తెలుసు, వాటి కమ్యూనిటీ స్ట్రింగ్‌లూ దాని దగ్గరే ఉంటాయి.

2016 ఆగస్టులో షాడో బ్రోకర్స్ అనే హ్యాకర్ల ముఠా లీక్ చేసిన హ్యాకింగ్ ఆయుధాల్లో ఎక్స్‌ట్రాబేకన్ ఒకటి. అది సిస్కో ఏఎస్ఏ ఫైర్‌వాల్‌లోకి ఎస్‌ఎన్‌ఎంపీ ఓవర్‌ఫ్లో ద్వారానే వెళ్తుంది. మరుసటి ఏడాది జూన్ 29న సిస్కో తన రౌటర్లలోనూ అలాంటి ఓవర్‌ఫ్లోలు ఉన్నాయని చెప్పింది. వాటిలో ఒకదాన్ని, సీవీఈ-2017-6742 అనే నంబరున్న లోపాన్ని, 2021లో రష్యా సైనిక నిఘా విభాగానికి చెందిన ఏపీటీ28 అనే హ్యాకర్ల బృందం వాడుకుందని 2023 ఏప్రిల్‌లో బ్రిటన్, అమెరికా సంస్థలు వెల్లడించాయి. బాధితుల్లో సుమారు 250 మంది ఉక్రెయిన్‌వాళ్లు.

లోపం తెలిసిన నాలుగేళ్లకు కూడా ఆ రౌటర్లు అలాగే ఉండిపోవడం నన్ను బాధిస్తుంది. రౌటర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే రీబూట్ చేయాలి, కాసేపు సర్వీస్ ఆగుతుంది. ఆ టెన్షన్‌తోనే వాయిదా పడుతుంది. ఎస్‌ఎన్‌ఎంపీ మూడో వెర్షన్‌కు మారితే పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ వస్తాయి గానీ ప్యాకెట్ చదివే కోడ్ బాగుపడదు. అది బాగుపడేదాకా ఎస్‌ఎన్‌ఎంపీ ప్రశ్నలు వచ్చే 161వ యూడీపీ పోర్టును మేనేజ్‌మెంట్ సర్వర్ అడ్రస్‌కు తప్ప ఇంకెవరికీ తెరిచి ఉంచకూడదు.