రెండు 7సిలు, ఒక ముద్ర

మొన్న బేగంబజార్‌లో పెళ్లి బరాత్ కాసేపు ఆగినప్పుడు, ట్రంపెట్ వాయించే పెద్దాయన జేబులోంచి రెండు మౌత్‌పీసులు (పెదాలకు ఆనించి ఊదే ముక్కలు) తీసి చూపించారు. “రెండూ విన్సెంట్ బాక్ 7సిలే సార్. దీని మీద మౌంట్ వెర్నన్ అని ఉంది, దాని మీద ఎందుకు లేదు?”

కార్ఖానా ఊరు మారింది. ఆస్ట్రియాలో పుట్టిన బాక్ 1918లో న్యూయార్క్‌లో మౌత్‌పీసులు చేయడం మొదలుపెట్టాడు. 1953లో మౌంట్ వెర్నన్‌కు మారాడు. 1961లో సెల్మర్ కంపెనీ కొనేసింది, కొన్నేళ్లకు పని ఎల్క్‌హార్ట్‌కు వెళ్లింది. మౌంట్ వెర్నన్ పేరు లేనిది ఆ కాలానికి ముందుదో తర్వాతదో కావచ్చు. ఇక 7సిలో 7 అంచు లోపలి వెడల్పు, సి గిన్నె లోతు. బాక్ లెక్కలో అంకె పెరిగితే వెడల్పు తగ్గుతుంది, షిల్కె అనే మరో తయారీదారు లెక్కలో పెరుగుతుంది.

నాకు అసలు ఇష్టమైనది ఇత్తడి మీద ముద్ర కొట్టిన ఆ అక్షరం కింద జరిగే సంగతి. మా అమ్మమ్మ ఇత్తడి బిందె మీద పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేది. కొత్తలో వేలు పెడితే చుక్క చుట్టూ సన్నటి గట్టు తగిలేది. ఉక్కు మొన దిగినచోట ఇత్తడి మాయం కాదు, పక్కకు జరుగుతుంది. ఏళ్ల తరబడి చింతపండు పెట్టి తోమేసరికి ఆ గట్టు అరిగిపోయింది. మౌత్‌పీసును పాలిష్ పట్టి మళ్లీ వెండి పూత వేయించినా ఇదే జరుగుతుంది.

కానీ దెబ్బ పైపైన ఆగదు. గుంట అడుగున లోహపు స్ఫటికాల పొరలు ఒకదాని మీద ఒకటి జారి, చిక్కుపడి గట్టిపడతాయి. తీగను పదేపదే వంచితే బిగుసుకునేది ఇందుకే. అక్షరం కనబడకుండా ఆకురాయితో చదును చేసినా ఆ చిక్కుపడిన పొర కింద మిగిలే ఉంటుంది. సరైన ఆమ్ల ద్రావణం పూస్తే అది చుట్టుపక్కల లోహం కంటే వేరే వేగంతో కరిగి అక్షరం మళ్లీ తేలుతుంది. తుపాకుల మీద చెరిపేసిన నంబర్లను ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఇలాగే చదువుతారు. మరీ లోతుగా అరగదీసినా, బాగా కాల్చినా ఇక దొరకదు. వేడికి కొత్త స్ఫటికాలు పుట్టి పాత చిక్కులు పోతాయి.

పాత ముద్ర ఉంటేనే నాదం బాగుంటుందని చాలామంది నమ్ముతారు. ముద్ర ఉండేది బయట, ఊపిరి నడిచేది లోపల. అంచు, గిన్నె, గొంతు రంధ్రం, దాని వెనకున్న గొట్టం కొలతలే స్వరాన్ని మారుస్తాయి.

పెద్దాయనకు ఒక్కటే చెప్పాను: మెరుపు కోసం ఆ అక్షరాల మీద మాత్రం పాలిష్ గుడ్డ గట్టిగా రుద్దొద్దని.