బాటిల్ ఎందుకు కారింది? పిల్లలకు ఒక ఉత్తరం

తిరుపతి,
జూన్ నెల, ఆదివారం పొద్దున

మా మనవలకు, మనవరాళ్ళకు, మా మేడమీద వాళ్ళతో ఆడుకునే పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

బడి తెరిచి వారం తిరక్కముందే మన చిన్నదాని సంచిలో కొత్త వాటర్ బాటిల్ కారి పుస్తకాలన్నీ తడిసిపోయాయి కదా. లెక్కల నోటుబుక్కు పిట్టగోడ మీద ఆరబెట్టుకుంటూ అది నన్నొక మాట అడిగింది. "తాతా, ఈ బాటిల్ చేసినోళ్ళకు ఇది కారుతుందని తెలీదా?" వాళ్ళమ్మేమో "మూత సరిగ్గా పెట్టుకోవడం చేతగాక బాటిల్ మీద నెపమా" అని కసిరింది. నేను పాప పక్షం. ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను, అందుకే ఉత్తరం రాస్తున్నాను. పెద్దవాళ్ళు చదివి చిన్నవాళ్ళకు వినిపించండి.

ముందు ఆ మూత తీసి తిరగేసి చూడండి. లోపల అంచు వెంబడి సన్నని గాడి, ఆ గాడిలో మెత్తటి సిలికాన్ రింగు ఉంటాయి. దాన్నే మనం వాషర్ అంటాం. నీళ్ళను ఆపేది ఆ రింగే. మూతకున్న మరల పనల్లా ఆ రింగును బాటిల్ మూతికేసి గట్టిగా అదమడం. వాషర్ మెలిపడినా, కడిగేటప్పుడు సింకులో జారిపోయినా మూత మాత్రం మామూలుగానే తిరుగుతుంది. పైకి ఏ తేడా తెలీదు. సంచిలో అడ్డంగా పడ్డాకే సంగతి బయటపడుతుంది. ఇంకోటి కూడా గమనించండి. ఆ మూత అంచు నున్నగా ఉంది. ఏడేళ్ళ పిల్ల చెయ్యి, అదీ తడి చెయ్యి, దాన్ని కడదాకా తిప్పలేదు. సగంలో ఆగిపోతే బిగిసిందనే అనుకుంటుంది. అంచుకు పట్టు దొరికేలా గాట్లు పెట్టి, పూర్తిగా బిగిసినప్పుడు టక్కుమని చప్పుడయ్యేలా చేసి, వాషర్ ఊడిరాకుండా గాడి ఇంకాస్త లోతుగా తీసుంటే పుస్తకాలు తడిసేవి కావు. బాటిల్ గీసినవాళ్ళు దాని రంగు గురించి బాగానే ఆలోచించారు. బడి గంట కొట్టగానే హడావుడిగా మూత తిప్పే చిన్న చేతిని మాత్రం చూసినట్టు లేరు.

ఒక వస్తువు ఫ్యాక్టరీలో వేలకొద్దీ తయారయ్యే ముందు అది ఎట్లా ఉండాలి, ఎవరి చేతిలో ఒదగాలి, దేనితో చేయాలి, ఎంతలో చేయాలి అని తేల్చే పనిని ఇండస్ట్రియల్ డిజైన్ అంటారు. నా ఉద్యోగమంతా ప్లాస్టిక్ వస్తువులకు అచ్చులు చేసే టూల్‌రూమ్‌లోనే గడిచింది కాబట్టి ఆ పని చేసేవాళ్ళను దగ్గర నుంచి చూశాను. పుస్తకాల్లో దానికి అంచెలు, గడులు, బాణాలు గీసి పెడతారు. అవి తర్వాత చదువుకోవచ్చు. నాకైతే ఆ పని అనగానే మా మేనమామ గుర్తొస్తాడు. ఆయన పెళ్ళిళ్ళకు వంట చేసేవాడు.

పుత్తూరు, నారాయణవనం, కార్వేటినగరం చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా ఆయనకు కబురొచ్చేది. వేసవి సెలవుల్లో నన్నూ వెంటబెట్టుకుని పోయేవాడు. ఉల్లిపాయలు ఒలవడం, కొబ్బరి తురమడం నా పని. పెళ్ళివాళ్ళు వచ్చి "పాయసం పెడదామా, ఓళిగలు పెడదామా" అని మొదలుపెట్టగానే ఆయన చెయ్యెత్తి ఆపేసేవాడు. "అది తర్వాత. ఎంతమంది? ఏ ఊరినుంచి వస్తారు? నడిచా, బస్సులోనా? ముసలివాళ్ళు ఎందరుంటారు? ముహూర్తం తెల్లవారుజామునా, మిట్టమధ్యాహ్నమా? బావి ఎంత దూరం? కట్టెలు చింతవా, సరుగుడువా?" ఇవన్నీ విన్నాకే వంటల పేర్లు ఎత్తేవాడు. కొత్తదేదైనా చేద్దామనుకుంటే ఇంట్లో చిన్న గిన్నెలో పిడికెడు చేసి ముందు మా అవ్వకు పెట్టేవాడు. అవ్వకు పళ్ళు లేవు. ఆమె నమల్లేక పక్కన పెట్టిందంటే ఆ వంటకం పెళ్ళికి పోయేది కాదు.

తొలి బంతి లేవగానే ఆయన చేసే పని నాకు ఇప్పటికీ అబ్బురమే. ఎంగిలాకులు ఎత్తేవాళ్ళను ఆపి, వరస పొడుగునా వంగి చూసుకుంటూ నడిచేవాడు. ఒక ఆకులో సగం కొరికిన వడ. పక్క ఆకులోనూ అంతే. ముసలివాళ్ళు కూర్చున్న వైపు చిక్కుడుకాయ కూర అట్లాగే ఉంది. పిల్లల ఆకుల్లో పచ్చడి కదల్లేదు. పాయసం పోసిన చోట మాత్రం ఆకు తుడిచినట్టుంది. "అడిగితే అందరూ బాగుందనే అంటారురా అబ్బోడా. ఆకు చూడు, అది చెబుతుంది" అనేవాడు. రెండో బంతికి వడపిండి ఇంకాస్త గిలకొట్టించేవాడు, కూరను మరో పొంగు ఉడకనిచ్చేవాడు. ఆ బంతివాళ్ళకు తొలి బంతిలో ఏం జరిగిందో తెలియను కూడా తెలియదు. తృప్తిగా తిని లేచేవాళ్ళు.

డిజైనర్ చేసేది ఇదే పని. ముందు తినేవాళ్ళెవరో తెలియాలి. జైపూర్ సంగతి వినండి. కాలు పోయినవాళ్ళకు అప్పట్లో దొరికే కృత్రిమ పాదం విదేశీ పద్ధతిది. బూటు తొడుక్కుని కుర్చీలో కూర్చునేవాళ్ళకు అది సరిపోతుంది. మన రైతు వట్టి కాళ్ళతో బురదమడిలో దిగాలి, నేలమీద బాసింపట్టు వేసుకోవాలి, గొంతుకూర్చోవాలి. ఆ పాదంతో ఇవేవీ కుదరవు. 1968లో రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు, పి.కె. సేఠీ అనే ఎముకల డాక్టరు మరికొందరు డాక్టర్లతో కలిసి రబ్బరుతో, అన్ని వైపులా వంగేలా, బూటు అక్కర్లేని పాదం తయారుచేశారు. అదే జైపూర్ ఫుట్. సేఠీగారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. పాదాన్ని చేతులతో మలిచిన శర్మగారు పెద్ద చదువులు చదివిన మనిషి కాదు. నడిచి వస్తారా, బస్సులో వస్తారా అని మా మేనమామ అడిగినట్టే వాళ్ళూ అడిగారు, అంతే.

పళ్ళు లేని అవ్వ సంగతీ అంతే. అమెరికాలో సామ్ ఫార్బర్ అనే ఆయన భార్యకు కీళ్ళవాతం. కూరగాయల తొక్క తీసే, సన్నటి ఇనుప పిడి ఉన్న పీలర్ పట్టుకోలేక ఆమె అవస్థ పడుతుంటే చూసి, లావుపాటి మెత్తటి రబ్బరు పిడితో పీలర్ చేయించాడు. 1990లో ఆక్సో పేరుతో అది అంగళ్ళకు వచ్చింది. ఏ నొప్పులూ లేనివాళ్ళు కూడా దాన్నే కొనుక్కున్నారు. అవ్వ నమలగలిగిన వడ ఎవరికైనా మెత్తగానే ఉంటుంది మరి.

ఇక పిడికెడు వండి చూడటం. డిజైనర్లు ముందు కాగితం మీద పది రకాలుగా గీస్తారు, తర్వాత అట్టతో, థర్మోకోల్‌తో, మట్టితో నమూనా చేస్తారు. ఇప్పుడైతే త్రీడీ ప్రింటర్లు వచ్చాయి. ఆ నమూనాను నిజంగా వాడేవాళ్ళ చేతిలో పెట్టి, తాము నోరు మూసుకుని చూడాలి. "ఇట్లా తిప్పండి, అట్లా పట్టుకోండి" అని నేర్పకూడదు. బాటిల్ కొన్న ప్రతి ఇంటికీ డిజైనర్ వచ్చి నేర్పలేడు కదా. ఎక్కడ చెయ్యి తడబడిందో అక్కడ గీత మార్చాలి, మళ్ళీ అట్ట కత్తిరించాలి. జేమ్స్ డైసన్ అనే ఇంగ్లీషాయన సంచి అక్కర్లేని వాక్యూమ్ క్లీనర్ కోసం 5,127 నమూనాలు చేశాడు. అన్నిసార్లు ఉప్పు చూసిన వంటవాడు ఇంకెక్కడా ఉండడు!

పిడికెడు కుదిరింది కదా అని గుండిగలో అదే కుదరదు. మంట వేరు, ఉప్పు వేరు, అడుగంటే తీరు వేరు. ఇక్కడ నేను పనిచేసిన చోటు వస్తుంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ స్టూలు తెచ్చి బోర్లించండి. నడిమధ్యన చిన్న మొటిమ లాంటి గుర్తు కనబడుతుంది. 200 డిగ్రీలు దాటిన వేడిలో కరిగిన ప్లాస్టిక్ ఉక్కు అచ్చులోకి దూరింది చాలామటుకు అక్కడినుంచే. కాళ్ళ మీద వేలితో రాస్తే సన్నటి గీత తగులుతుంది. అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోటు అది. త్రికోణంలో 5 అని ఉంటే ఆ ప్లాస్టిక్ పేరు పాలీప్రొపిలీన్. కాళ్ళు కిందికి పోయేకొద్దీ బయటికి వాలి ఉంటాయి. అట్లా వాలకపోతే చల్లారాక స్టూలు అచ్చులోంచి ఊడిరాదు. ఆ వాలు వల్లే స్టూళ్ళు ఒకదానిలో ఒకటి దూరి దొంతరగా నిలబడతాయి. మరి కూర్చునే చోట బెజ్జం ఎందుకు? దొంతరలోంచి పై స్టూలు లాగినప్పుడు లోపలికి గాలి పోవాలి, లేదంటే రెండూ పట్టేసుకుంటాయి. వేలు దూర్చి ఎత్తడానికీ అదే పనికొస్తుంది. ఉక్కు అచ్చు చేయించాలంటే లక్షలు అవుతాయి. కోసిన ఉక్కును మళ్ళీ అతికించడం తేలిక కాదు. అందుకే తప్పులన్నీ అట్టముక్క దగ్గరే తీరిపోవాలి. తొందరపడి అచ్చుకు పోయినవాళ్ళ వస్తువులే మన సంచుల్లో కారుతుంటాయి.

బంతి లేచాక ఆకులు చూడటం చాలామంది మానేస్తారు. వస్తువు అమ్ముడుపోతే పని అయిపోయిందనుకుంటారు. అది ఎక్కడ విరిగింది, ఎవరు ఎట్లా అతుకు వేసుకున్నారు, ఎప్పుడు పారేశారు అన్నది చూడరు. మన బాటిల్‌కు వాషర్ ఒక్కటి విడిగా కావాలని గాంధీ రోడ్డంతా తిరిగాను, దొరకలేదు. వేలెడంత రింగు కోసం బాటిల్ మొత్తం చెత్తలోకి పోవడం నాకు మనసొప్పదు. బాగుచేసుకోవడానికి వీల్లేని వస్తువును మంచి వస్తువు అనడానికి నాకు నోరు రాదు. మీరు ఎప్పుడైనా వస్తువులు చేసే స్థాయికి వస్తే ఈ మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీ అవ్వనడిగి అటకమీది ఇత్తడి చెంబు దించండి. దాని వెనక పెద్ద కథ ఉంది. 1958లో మన ప్రభుత్వం పిలిస్తే చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు దేశమంతా తిరిగారు. కుర్చీల డిజైన్‌లో ప్రపంచమంతా పేరున్నవాళ్ళు. తిరిగి చూసి ఒక నివేదిక రాశారు. తాము చూసినవాటిలో అన్నిటికంటే గొప్పదిగా వాళ్ళు మెచ్చుకున్నది లోటాను, అంటే మన చెంబును. ఎన్ని నీళ్ళు పట్టాలి, చంకన ఎట్లా కూర్చోవాలి, నిండుగా ఉన్నప్పుడూ వంచినప్పుడూ బరువు ఎటు వాలాలి, చేతికి ఎట్లా తగలాలి, ఖరీదెంత, పాతబడితే ఆ లోహానికి ఎంతొస్తుంది అని చెంబు చేయడానికి ఎన్ని ప్రశ్నలు తేలాలో వరసగా రాశారు. దాన్ని ఏ ఒక్కరూ డిజైన్ చేయలేదు, తరతరాల మనుషులు చేశారు అని కూడా రాశారు. ఆ నివేదిక తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది.

చెంబు మెడ పట్టుకుని చూడండి. వేళ్ళు ఆ నొక్కులోకి వాటంతటవే పోతాయి. తడి చెయ్యి అయినా పై అంచు ఆపుతుంది, జారదు. ఎన్ని బంతులు లేచాక, ఎన్ని ఆకులు చూశాక ఆ మెడ అంత నొక్కు తిరిగిందో! మీ బాటిల్‌కు అన్ని తరాల టైము లేదు. ఏడాదిలోపే అంగడికి రావాలి. వందల ఏళ్ళలో జనం చేతుల్లో జరిగిన దిద్దుబాటును కొద్ది నెలల్లో కావాలని చేయడమే డిజైన్ ప్రాసెస్. నేనింత దూరమే చెప్పగలను. ఆ చెంబు చేతిలో ఉన్నంతసేపూ మిగతాది అదే చెబుతుంది.

ఇంటర్‌కు వచ్చిన పెద్దోడికి ఒక మాట. దీన్ని చదువుకోవచ్చు నాయనా. ఐఐటీ బొంబాయి యూసీడ్ అనే పరీక్ష పెడుతుంది. ఎంపీసీ వాళ్ళే రాయాలని లేదు, ఏ గ్రూపువాళ్ళైనా రాయొచ్చు. హైదరాబాద్ ఐఐటీలోనూ ఆ ర్యాంకుతో డిజైన్ సీటు ఇస్తారు. ఇందాక చెప్పిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) మన రాష్ట్రంలోనూ ఉంది, దాని ప్రవేశపరీక్ష వేరు. మీ నాన్నకు నేను చెబుతాను, టెన్షన్ పడకు.

ఇప్పుడు మీకొక పని. తోతాపురి కోతలు నడుస్తున్నాయి. వచ్చే ఆదివారం దామలచెరువు వైపు మన తోటకు పోదాం. అక్కడ కాయలు కోసే చిక్కం చూడండి. పొడవాటి వెదురు, కొనకు ఇనుప వలయం, దానికి కట్టిన వల. కాయ తొడిమ మొదట్లో తెగితే సొన చిమ్ముతుంది. అది పడిన చోట తోలు నల్లబడుతుంది, మనిషి చర్మం కూడా కాలినట్టవుతుంది. కొంచెం తొడిమ ఉంచి కోస్తే కాయ చెడదు. కొంకణ్‌లోని దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇందుకే వలకు కత్తి అమర్చి నూతన్ అనే కోత సాధనం చేశారు. మన తోటలో ఎట్లా కోస్తున్నారో మీరే చూడాలి. కోసేవాళ్ళను ప్రశ్నలతో విసిగించకండి, అడ్డం పడకండి, కాయలు రాలే చోట నిలబడకండి. ఒక పక్కన కూర్చుని ఎంతసేపటికి ఒకసారి మెడ దించి రుద్దుకుంటున్నారో, నిండిన వలను ఏ చేత్తో దించుతున్నారో, బుట్టలో తొడిమ ఉన్న కాయలెన్ని, లేనివెన్ని అన్నది చూడండి. నోటుబుక్కులో ఎడమ పేజీలో చూసింది రాయండి, కుడి పేజీ ఖాళీగా వదలండి. ఇంటికొచ్చాక అందులో బొమ్మ గీద్దాం, అట్ట, కొబ్బరి తాడు, పాత సైకిల్ రిమ్ము నేను సిద్ధం చేసి ఉంచుతాను. వెదురు పొడవు కొలవడానికి స్కేలు చాలదు, దారం ఉండ ఒకటి తెచ్చుకోండి.

మీ తాత